తట్ట

మస్టర్లో నా పేరు కింద
చౌడమ్మ పేరు రాసింది మేటు మాబున్ని.
"వద్దు" అన్నా.
"రాసేసినా. కొట్టేస్తే ఇద్దరిదీ పోతాది" అనె.

అట్ల పడినాము ఒకే గుంతలో,
మా ఆయన్ను నరికిన ఇంటి మనిషీ నేనూ.
మరుసటేడు ఆమె మొగుడు మా వీధి మొగదల్నే పడినాడు.
ఇప్పుడు వంక వార ఈ రేగడి:
పదడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు, అడుగు లోతు.
సర్కారు టేపుకు పక్షం లేదు.

నేను తవ్వుతా, ఆమె మోస్తాది.
మూడు దినాలు మాట లేదు.
పార చప్పుడు,
గాజుల్లేని నాలుగు చేతులు.

తట్ట ఎత్తేటప్పుడు మాత్రం తప్పదు.
చెరో అంచూ పట్టి లేపి
ఆమె నెత్తిన చుట్టకుదురు మీద పెట్టేదాకా
ఆమె మొగం నాకు జానెడు దూరం.
జానెడు దూరంలో ఇంగ యాడికి చూడాల?
కంటి కింద కాటుక కాదు, నిద్ర లేని నలుపు.
నాకూ అదే ఉండాదేమో.
మా ఇంట్లో అద్దం అటకెక్కి తొమ్మిదేండ్లు.

నాలుగో దినం గడ్డపార ఠంగుమనె.
బకెట్టు. మూతికి గోనెపట్ట.
అందరం ఎగబాకి గట్టెక్కినాం.
ఎవురు పూడ్చినారో, ఎవురి కోసమో,
అడిగినోళ్ళు లేరు.
తెలిసినోళ్ళు గోడల మీద ఫోటోల్లో ఉన్నారు.

కోవెలకుంట్ల నుంచి పోలీసులు వచ్చిరి,
ఇసక బకెట్లలో పెట్టుకోని పోయిరి.
పని రెండు దినాలు ఆగె.
ఆగిన దినాలకు కూలి లేదనె ఆఫీసు.

అప్పుడు చూడాల చౌడమ్మ నోరు.
"బాంబులు మేమేమన్నా విత్తినామా సారూ,
మొలిచినాయని మా కూలి కోస్తావు?"
ఆమె వెనకాల్నే నేను బల్ల గుద్దినా.
మా వీధీ వాళ్ళ వీధీ
ఒకే మనిషిని తిట్టడం అదే మొదలు.
ఒక దినం కూలి ఇచ్చిరి.
రెండోది ఇంకా బాకీనే.

ఈ పొద్దుకు గుంత మొల లోతు.
వాన పడితే నీళ్ళు నిలుస్తాయంట,
నిలిస్తే శనగకు ఒక తడి అంట.
చూడాల.

బడి నుంచి వస్తా గట్టు మీద నిలబడె
నా కొడుకు సుంకన్న.
"ఆమెతో మాట్లాడతావామ్మా?"
"లేదు రా. తట్ట ఎత్తుతా."
వాడు చానాసేపు పోకుండా చూసినాడు.

మధ్యాన్నం సంగటి మూటలు ఇప్పుకుంటాము,
నేను ఈ గట్టున, ఆమె ఆ గట్టున.
ఆమె చెంబు నీళ్ళు నేనింకా తాగలేదు.
ఎండ ముదిరితే చెప్పలేను.