నలభై ఎనిమిది కేబీ

సీ డ్రైవు కింద గీత ఎర్రబడి మూడు నెలలు.
గుణుపురంలో మా కొట్టు వెనకింట్లో
పసుపు బస్తాకీ గోడకీ మధ్య ఉంటుంది మా కంప్యూటరు.
మీట నొక్కి, పొయ్యి మీద టీ పెట్టుకుని,
తాగి, గ్లాసు కడుక్కుని రావచ్చు.
అప్పుడు అంటుంది: జాగా లేదు.

మా తాత గిద్దలూ సోలలూ అడ్డలూ కొలిచాడు.
నాకు కేబీలు, ఎంబీలు, జీబీలు.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు తలుపు దగ్గరగా వేసి మొదలెట్టాను.
బావమరిది పెళ్ళి వీడియో మూడు చోట్ల,
మూడింటిలోనూ అదే వాన, అదే కూలిన పందిరి.
రెండు తీసేశాను. పద్నాలుగు జీబీ.
ఏనాడో చచ్చిన ప్రింటరు తాలూకు సాఫ్ట్‌వేరు
"నిజంగానే తీసేయాలా" అని మూడుసార్లు అడిగింది,
గుమ్మం దాటలేని చుట్టంలా.
మా మినతి పదో తరగతికి దించుకున్న ఒడియా ఫాంట్లు అరవై,
అన్నీ గుండ్రంగా, అన్నీ ఒక్కలాగే నా కళ్ళకి.
పిలిచి అడిగాను.
"ఒక్కటి ఉంచు నాన్నా" అంది.
ఏదో చెప్పలేదు.

ఇంత చేసినా గీత కదల్లేదు.
తీసిందంతా చెత్తబుట్టలోనే ఉందట,
ఇల్లు ఊడ్చి, పోగు గుమ్మం పక్కనే వదిలేసి
పడుకున్నట్టు.

అప్పుడు కనబడింది ఆ ఫైలు: పాతబాకీ.
వంశధార పొంగిన ఏడాదిది.
సవర పేర్లు, నా చెవికి ఎలా వినబడితే అలా రాసినవి.
సుంబారి గొమాంగో, ఉప్పు, కిరసనాయిలు, నూట అరవై.
లిమ్మా శబర్, గొడుగు ఒకటి.
పేరడగడం మరిచి "కొండమీద ఎర్రచొక్కా" అని ఒకడు,
ఏడువందలు.
రెండువందల పన్నెండు వరసలు.
ఎవరింటికి వెళ్ళి అడుగుతాను?
అసలు వాళ్ళలో ఎందరు...

ఎవరూ చూడకపోయినా కాస్త ఛాతీ విరుచుకుని
నొక్కాను.
చెత్తబుట్ట కూడా దులిపేశాను.
గీత నీలంగా మారింది.
అదంతా పెళ్ళి వీడియోల చలవే.
పాతబాకీ వాటా నలభై ఎనిమిది కేబీ.
నా ధర్మగుణం తూకం అంతేనని
యంత్రం మర్యాదగా చెప్పింది.

సంత రోజు
చింతపండు తట్ట అరుగు మీద దించి
సుంబారి గొమాంగో నిలబడింది.
జుట్టు నెరిసింది, గొంతు నెరవలేదు.
"షావుకారీ, ఆ వరదేటి లెక్క చూడు నీ పెట్టెలో.
నూట అరవై రెండుసార్లు కట్టాను.
ఒకసారి నీకు, ఒకసారి మీ ఆవిడకి.
నువ్వే నాకు బాకీ."

లోపల్నుంచి మా ఆవిడ దగ్గిందే గాని
ఏమీ అనలేదు.
పెట్టె వైపు చూశాను.
అంత ఖాళీ, అంత నీలం.
"అందులో లేదు" అన్నాను.
"లేకపోతే?" అంది.

నూట అరవై లెక్కపెట్టి ఇచ్చాను.
తను మళ్ళీ లెక్కపెట్టుకుంది.
తట్ట తలకెత్తుకుంటూ అంది:
"గొడుగు సంగతి
లిమ్మా వచ్చి మాట్లాడతాడు."