మూడో బల్ల

గుణుపురం కాలేజీ ల్యాబులో
మూడో బల్ల మీద ఇంకా ఉంది
అరచెయ్యంత నల్లమచ్చ.

నీళ్లలోకే యాసిడ్, బొట్టుబొట్టుగా.
యాసిడ్‌లోకి నీళ్లు కాదు.
ఒడియాలో ఓసారి, తెలుగులో ఓసారి
చెప్పేవాడు అటెండరు దాలినాయుడు:
"కాగే నూనెలో చెయ్యి కడుగుతావేటమ్మా?"

ఆవేళ నా కళ్లద్దాలు సంచిలోనే ఉన్నాయి.
గాజు చిట్లిన చప్పుడు.
ఆపైన కుళాయి కింద నా మొహం,
మెడ మీద ఆయన చెయ్యి.
పావుగంట వదల్లేదు,
వంశధార మొత్తం
నా కళ్లలోంచే పోవాలన్నట్టు.

ఇప్పుడు తాళాలు నా దగ్గర.
పేరు చెరిగిన సీసా దొరికితే
మూత తియ్యను, వాసన చూడను,
రెండు లిపుల్లో రాసి అంటిస్తాను:
తెలీదు. ముట్టొద్దు.

టీచరుకే తెలీదట అని
వెనక వరసలో నవ్వులు.

నవ్వండర్రా,
అద్దాలు పెట్టుకుని నవ్వండి.