వెళ్ళిన సమయం

బల్లారట్‌లో జూలై అంటే గడ్డకట్టిన గడ్డి.
కారు అద్దం మీది మంచును లైబ్రరీ కార్డుతో గీకి
తెల్లవారుజామున అయిదున్నరకే
కాలేజీ పార్కింగులో నిలబడ్డాను.
చేతిలో అట్ట, అట్ట మీద కాగితం, కాగితంలో మూడు గళ్ళు:
బండి నంబరు. వచ్చిన సమయం. వెళ్ళిన సమయం.

ఉన్నవి మూడొందల నలభై చోట్లు,
వచ్చేవి అయిదొందల తొంభై కార్లు.
తొమ్మిదింటికి చూడాలి ఆ తిరునాళ్ళ!
నర్సింగు పిల్లలు గడ్డి మీదికి ఎక్కించేస్తారు.
వడ్రంగం నేర్చుకునేవాళ్ళు
ఫైరింజను కోసం వదిలిన పసుపు గీతల మీదే ఆపుతారు.
వంట క్లాసు పెద్దాయన పెంగెల్లీ
రెండు చెత్తకుండీల మధ్య బండిని ఇరికించి
కిటికీలోంచి దిగుతాడు.
నిజం, నేను చూశాను.

అందుకే నన్ను పిలిచారు.
నెట్‌బాల్ కోర్టు తీసేస్తే నూట పన్నెండు,
పాత షెడ్డు కూల్చేస్తే ముప్ఫై ఎనిమిది.
స్క్రీన్ మీద గడి పక్కన గడి గీస్తూ పోతుంటే
మా వీధి తొక్కుడుబిళ్ళ గుర్తొచ్చింది.
బొగ్గుముక్కతో గీసిన గళ్ళు.
గెలిచిన గడిలో ఇంటూ కొట్టి
"ఇది నా ఇల్లు" అనేవాళ్ళం.
అవతలివాళ్ళు అందులో కాలు పెట్టకూడదు,
ఎగిరి దాటాలి.

కంచె వారగా పదిహేడో చోటు.
తెల్ల కమడోర్.
వచ్చిన సమయం: నాకంటే ముందే.
వెళ్ళిన సమయం:

రెండో రోజూ ఆ గడి నిండలేదు.
మూడో రోజు దగ్గరగా వెళ్ళి చూస్తే
అద్దాలన్నీ లోపలినుంచి చెమర్చి ఉన్నాయి.
బయటి మంచు ఊరందరిదీ.
లోపలి చెమ్మ ఒక్కరిదే.

ఆరుంబావుకి ఒక కుర్రాడు
నెట్‌బాల్ కోర్టు మూల కుళాయి దగ్గర
పళ్ళు తోముకుంటూ కనిపించాడు,
మెడలో వెల్డింగు క్లాసు కార్డు.
నురగ నోటితోనే తలూపాడు నాకు,
పక్కింటివాళ్ళకి ఊపినట్టు.
నేనూ ఊపాను.
ఏం రాయాలో తెలియక పెన్ను మూత నమిలాను.

గురువారం మీటింగు. స్కోన్లు, జాము.
మోయిరా కాలహన్ అందరికీ టీ పోసింది.
కొత్త దీపస్తంభాలు పదకొండు అన్నారు.
రాత్రి క్లాసు ఆడవాళ్ళు ఎన్నేళ్ళుగానో అడుగుతున్నారు,
వద్దనడానికి నేనెవర్ని?
ఆ తర్వాత ఎవరో అన్నారు, పదింటికి గేటు వేసేద్దామని.
"రాత్రుళ్ళు ఎలాగూ ఎవరూ ఉండరుగా,
లెక్కలేం చెబుతున్నాయి?"

అందరూ నా వైపు తిరిగారు.
చెబితే రేపే సెక్యూరిటీవాడు వెళ్ళి అద్దం తడతాడు.
చెప్పకపోతే గేటు పడుతుంది.
స్కోను గొంతుకడ్డం పడింది.
"సగటున చాలా తక్కువండీ" అన్నాను.

సగటు!
ఒక మనిషిని మూడొందల నలభైతో భాగిస్తే
ఏం మిగులుతుందో మీరే చెప్పండి.

కూల్చవలసినవాటి జాబితాలో
పద్నాలుగోది కుళాయి.
ఆ రాత్రి దాన్ని కొట్టేశాను.
పక్కన చిన్న అక్షరాల్లో, యథాతథంగా ఉంచవలెను.
నూట యాభైలో ఒకటి తగ్గింది.
ఎందుకని మోయిరా అడిగితే
"మొక్కలకి" అన్నాను.
అక్కడ మొక్కలేం లేవు.
నా మొహం వంకే కాసేపు చూసి
"ఉండనీలే" అంది.

అక్టోబరుకల్లా తారు పోశారు. గేటూ పెట్టారు.
కమడోర్ ఎప్పుడు వెళ్ళిందో నేను చూడలేదు.
నా కాగితంలో ఆ గడి ఇంకా అలాగే ఉంది.

ఆఖరి తనిఖీ రోజు
తెల్ల గీతల వెంట నడుస్తూ నడుస్తూ
కంచె వారకొచ్చాక, ఈ వయసులో,
నెత్తిన హెల్మెట్‌తో, ఇనుప బూట్లతో
పదిహేడో గడిని ఎగిరి దాటాను.

రంగు తడిగా ఉందని భయపడ్డాననుకున్నాడు
గీతలు వేసే కుర్రాడు.
"ఆరిపోయిందిలెండి" అన్నాడు.