పద్నాలుగో నంబరు స్పానరు

బండి ఏమీ దాచుకోదు, మనిషే దాస్తాడు.
కొర్లగుంట సందులో ఇరవైరెండేండ్లుగా
గ్రీసు చేతులతో నేను చదువుతా ఉండేది ఇదొక్కటే.

క్లచ్చి ప్లేటు మాడిపోయి వచ్చిందంటే
లీలామహల్ సర్కిల్లో ఎర్రలైటు ఎన్ని సెకన్లో
అంతసేపూ వాడు బండిని కట్టేసిన కోడెమాదిరి ఎగరేస్తా ఉన్నాడని.
హారను గుండీ నున్నగా అరిగి
ఇండికేటరు స్విచ్చి మాత్రం షోరూములో ఉన్నట్టే ఉంటే
ఇంగ నేను వాడి మొగం చూడాల్సిన పని లేదు.
వెనక బ్రేకు ఇనుముదాకా పోయి ముందుది కొత్తగానే ఉందా,
చిన్నప్పుడెవరో బెదిరించుంటారు,
అది పడితే పల్టీ కొడతావురా అని.
ఆ భయం పెద్దదై, పెండ్లై,
ఇప్పుడు ముగ్గుర్ని ఎక్కించుకొని తిరుగుతా ఉంటాది.

డ్రమ్ము నీలంగా కమిలి ఉంటే అడగాల్సిందే:
"కొండ దిగేటప్పుడు ఇంజను ఆపేసినావా నాయినా?"
"ఊరికే జారుతాది గదన్నా, పెట్రోలు మిగులుతాదని."
మిగిలింది ముప్పై రూపాయలు.
గోవిందా అనుకుంటానే దిగినాడంట అన్ని మలుపులూ.
పట్టుకోవడానికి దేవుడికైనా ఒక బ్రేకుండాల గదా.

రుయాలో నైటు డ్యూటీ చేసే సిస్టరు పుష్పకాంతమ్మ
అద్దంలో చూసి, మళ్ళీ మెడ తిప్పి
భుజంమీదుగా చూసుకుంటే గానీ పక్కకు తిరగదు.
రెండు అద్దాలుండంగా ఇదేందమ్మా అంటే
"అద్దం అబద్ధమాడదు బాషన్నా, కానీ అన్నీ చెప్పదు" అనింది.
ఎముకల వార్డులో పదకొండేండ్లు. ఎక్కువ మాట్లాడదు.

పాలాయన దొరస్వామి బండికి పద్దెనిమిదేండ్లు, క్యాన్లు నాలుగు.
కదిలేముందు రెండు బ్రేకులూ ఒకసారి నొక్కుతాడు,
మెతుకు పట్టి చూసినట్టు.
మంగళం ఇస్కూలుకాడ ఆదివారం కూడా నిదానిస్తాడు.
"ఈ పొద్దు పిల్లోళ్ళు లేరు గదన్నా" అంటే
"నా కాలికి వారాలు తెలీవులేప్పా" అన్నాడు.
ఆయన బండికాడ నాకు పెద్దగా సంపాదన లేదు.

ఆడికృత్తిక అయిన మర్నాడు హేమాద్రి వచ్చినాడు,
కొత్త బండి, సీటు కవరు ఇంకా చించలేదు.
"అద్దాలు ఇప్పెయ్‌నా, చెవుల మాదిరి అసింగంగా ఉండాయి."
ఇప్పినా. పద్నాలుగో నంబరు స్పానరుతో రెండు తిప్పులు.
బొక్కల్లో నల్ల రబ్బరు బిరడాలు నేనే కొట్టినా,
యాభై రూపాయలు నేనే తీసుకున్నా,
అద్దాల్ని బియ్యం సంచిలో ఏసినా.
అప్పటికే అందులో అరవైదాకా ఉండాయి,
ఒకదానిమింద ఒకటి, దేనికీ రోడ్డు కనపడకుండా.

కరకంబాడి రోడ్డులో తెల్లారి ఐదున్నరకు
టీ అంగడి కనపడిందని వాడు టక్కున కుడికి కోసినాడు.
వెనక దొరస్వామి.
పాలు పల్లం ఎతుక్కుంటా పోయినాయి,
కుక్కలు కూడా కాసేపు నమ్మలేదంట.
ఆయన మణికట్టు ఇరిగింది.
హేమాద్రిది ఒకటే మాట:
"నేను ఇండికేటరేసినా, ముసలాయనే చూసుకోలా."

రెండు బండ్లూ నా అంగట్లోకే వచ్చినాయి.
వాడి ఇండికేటరు స్విచ్చిమింద
నెలనాళ్ళ దుమ్ము, వేలు తగలని దుమ్ము.
దానికి జానెడు దూరంలో
నా బిరడాలు రెండు, మూసిన కండ్ల మాదిరి.
దుమ్ము సంగతి అందరికీ చెప్పినా.
బిరడాల సంగతి ఎవరూ అడగలా.

కట్టు కట్టిన చేత్తో దొరస్వామి వచ్చి
బండిని చూసినాడు, నన్ను చూసినాడు.
క్యాను మూత సొట్ట తీస్తావా అన్నాడు, అంతే.
తీసినా. దుడ్లు వద్దని చెప్పినా.
ఎందుకని ఆయన అడగలా.

నిన్న ఇంకో పిల్లోడు వచ్చినాడు,
అద్దాలు ఇప్పాలంట.
స్పానరు యాడో పోయిందప్పా అని చెప్పినా.
అది నా చేతిలోనే ఉండింది.