ఏడో లెక్క

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
నూటయాభై అన్నాడు ఖలీల్ భాయ్.
అట్ట మీద నీళ్ల మరక, ఒక గుర్రం, దానికి తల లేదు.
"ఒక్కసారికి ఎక్కదు సాబ్, నిహారీ లాంటిది,
రాత్రంతా పొయ్యి మీదుండాలె."

మొదటిసారి విన్నప్పుడు
కోఠి చౌరస్తాలో సిగ్నల్ పోయినట్టుంది.
రికార్డు ఒక వైపంతా ఒకే పాట, ఇరవై రెండు నిమిషాలు.
పల్లవి కోసం కాచుకుని కాచుకుని
అన్నం మాడబెట్టాను.

మూడోసారి, డ్రమ్ముల కింద
ఎవరో తలుపు ఓరగా తీసినంత మెల్లగా
ఒక వేణువు.
ఇన్నాళ్లూ ఎక్కడుంది ఇది?

ఆరోసారికి వేళ్లు లెక్క మొదలెట్టాయి.
తకిట తకధిమి, తకిట తకధిమి.
నాలుగుకి అలవాటు పడ్డ కాళ్లు
విద్యానగర్ స్టేషన్ మెట్ల మీద
ఏడు దగ్గర తడబడ్డాయి.

కింది వాటా పరాంకుశం గారు
నెల రోజులు చీపురుకర్రతో పైకప్పు పొడిచారు.
నిన్న నల్లా దగ్గర
బిందె నిండేలోగా ఆయన బొటనవేలు
స్టీలు అంచు మీద
తకిట తకధిమి.
నేను చూశానని తెలిసి
సగం బిందెకే నల్లా కట్టేశారు.

ఈ రాత్రి వాన. పద్దెనిమిదోసారి.
మొదటి నిమిషంలో నేను పట్టించుకోని మూడు స్వరాలు
ఇరవయ్యో నిమిషంలో
తడిసి, పెద్దవై, ఇంటికొచ్చాయి.
పంతొమ్మిదో నిమిషం మాత్రం ఇంకా లొంగలేదు.
లొంగకపోతేనే బాగుండు.

ముల్లెత్తి మళ్లీ అంచున పెట్టాను.
కింద నుంచి ఏ చప్పుడూ లేదు.
వింటున్నారేమో.