మూడు కేజీల ముల్లు

ఫారం నిండా గళ్ళే తెచ్చినావు ఫర్జానా.
ప్రపంచీకరణ వల్ల దేశానికి లాభమా, నష్టమా,
ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టమంటావు.
నేను తూకం మనిషిని తల్లీ.
ఇరవై ఆరేళ్ళు ఇదే షెడ్డులో, తాడిపత్రి రైలుగేటు పక్కన,
శెనక్కాయ మూటలు తూచి చీటీలు రాసినోణ్ణి.
వన్నూరప్ప కాటా అంటే
పుట్లూరు నుంచి యాడికి దాకా
(ఊరి పేరేలే, నవ్వొద్దు)
ఎవరూ రెండోసారి తూపించేవాళ్ళు కాదు.
అట్లాంటోనికి పెన్నిచ్చి
ఒక గడిలో తేల్చమంటే చెయ్యి రాదు.
కూర్చో. ఆ పెట్టె ఖాళీదే.

అప్పుడు ఈ గోడల నడుమ గానుగ మిషను తిరిగేది.
మాఘం వస్తే వీధంతా నూనె వాసన,
కుక్కల ఒంటి మీద కూడా మెరుపు.
చెక్క తునక చప్పరించుకుంటా పిల్లోళ్ళు బడికి పోయేవాళ్ళు.
ఒక ఏడు, రేవులో పామాయిలు దిగిందన్నారు.
ఢిల్లీలో సుంకం తగ్గించినారంట.
సంతకం ఎంత పొడుగుంటాది, బెత్తెడుంటాదా?
ఆ బెత్తెడుకే మా సేటు పట్టా బెల్టు జారిపోయింది.

కడాకు నేను తూచింది మిల్లునే.
గ్యాసు కట్టరుతో కోసిన ముక్కలు, ఇంకా వేడిగా,
పళ్ళ చక్రాలు, గరాటు, నూనె తాగిన ఇనుము,
పదకొండు టన్నుల మూడు క్వింటాళ్ళు.
చీటీలో సరుకు అన్నచోట
ఏం రాయాలో తెలీక
'పాతది' అని రాసినా.

ఇంతవరకే చెప్పి నిలిపితే అబద్ధమవుతాది.
శెనక్కాయ నూనె ఉన్నన్నాళ్ళు మా ఆదెమ్మది గరిటె లెక్క.
ప్యాకెట్టు నూనె వచ్చినాక
పండగ కాని దినం కూడా మూకుడు పొయ్యెక్కింది.
నా మిల్లును మింగిన నూనెలో వేగిన బజ్జీలు
నేనే తిన్నా.
ఇంకో రెండు వెయ్యమన్నా.

ఇప్పుడు చూడు, అదే షెడ్డు.
తెల్ల సున్నం, ట్యూబులైట్లు, పటిక నీళ్ళ తొట్లు.
నార్పల తోటల గెలలు, బొట్టుబొట్టు లెక్కన నీళ్ళు తాగినవి,
మచ్చ ఉంటే పక్కకి, లేకుంటే పెట్టెలోకి.
ఇక్కడ ఎత్తితే ఎడారి దేశంలో దించుతారు.
పెట్టెలు కట్టేది బెంగాలు పిల్లోళ్ళు.
వాళ్ళ మాట నాకు రాదు, నా మాట వాళ్ళకి రాదు.
పెట్టెకి పదమూడు కేజీలు.
'తేరో' అనే మాట ఒక్కటే మా ఇద్దరిదీ.

కోడలు ఓబుళమ్మ ఇక్కడే కాయలు ఏరతాది.
కూలి నేరుగా బ్యాంకులో పడతాది.
ముందు చెప్పులు కొనాలన్నా నన్నడిగేది,
మొన్న నాకే కళ్ళద్దాలు కొనిచ్చింది.
ఈ అద్దాల్తోనే నీ ఫారం చదువుతాండా.

పోయిన ఎండాకాలం యాడో
సముద్రం సందులో ఓడలు నిలబడినాయంట.
మూడో నాటికి పుట్లూరు చిన్నోబిలేసు
ట్రాక్టరు నిండా గెలలేసుకొని గేటు ముందరికొచ్చె.
కొనేవాడు ఫోనెత్తడు.
ఆ సముద్రం పేరు మాకెవరికీ నోరు తిరగదు.
పలకడం రాని చోటుతో ఎట్లా పోట్లాడేది?
వాన రాకుంటే శెనక్కాయ రైతు
ఆకాశాన్ని మొహం మీదే తిట్టేవాడు,
అది మా నెత్తి మీదనే ఉండేది కదా.
గొర్రెలకేసినాడు.
రెండో దినానికి గొర్రెలూ మొహం తిప్పుకున్నాయి.

పాత కాటా అదో, మూలలో ఉండాది.
కంపెనీకి కరెంటు కాటా ఉంది,
గ్రాములతో సహా చెప్తాది.
దీనికి మాత్రం, మిల్లును మోసినకాణ్ణించి
ముల్లు సున్నాకి రాదు.
పళ్ళెం మీద ఏమీ లేకున్నా
మూడు కేజీలు చూపిస్తాది.
దినమూ గుడ్డతో తుడుస్తా, తట్టి చూస్తా.
మూడే.

ఆ మూడు ఎవరి పద్దులో రాయాల?
నీ ఫారంలో గడి ఉందేమో వెనకపక్క కూడా చూడు.
లేకుంటే పేరు రాసుకొని కింద వదిలెయ్.
పెట్టె మీంచి లెయ్ తల్లీ,
లారీ వచ్చింది, వాళ్ళు పిలుస్తాండారు,
తేరో, తేరో అని.