కంత

మా బాల్కనీలో నిలబడి తుమ్మితే
గోడవతలి లేఅవుట్‌లో ఎవరో "చిరంజీవ" అంటారు.
అంత దగ్గర.
బండి మీద పోవాలంటే మాత్రం
నాలుగు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు.
ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పినట్టు
ఫోన్లో ఆ నీలం గీత ఊరంతా తిరిగి,
వర్తూరు సిగ్నల్ దగ్గర కాసేపు ఎర్రబడి,
చివరికి నా ఎదురుగానే వచ్చి ఆగుతుంది.

ఓబులమ్మకు మ్యాపు లేదు.
కంత ఉండేది.
ట్రాన్స్‌ఫార్మర్ వెనక, గోడ మూలన,
మూడు సిమెంటు ఇటుకలు ఊడిన చోటు.
కుచ్చిళ్లు ఒక చేత్తో, టిఫిను సంచి ఒక చేత్తో,
ముందు తల, తర్వాత భుజం, ఆ తర్వాత ఆయాసం.
ఏడుంబావుకి ఇక్కడ, తొమ్మిదికి అక్కడ,
పదకొండుకు మళ్లీ ఇక్కడ.
కదిరి నుంచి వచ్చి పన్నెండేళ్లట.
"ఈడ రాగిచేను ఉన్నప్పుడు
గెనిమల మీద ఏ పక్కకైనా పోతాంటిమి సార్."

శుక్రవారం అసోసియేషన్ మీటింగు.
కంతలోంచి కుక్కలొస్తున్నాయి, రేపు దొంగలొస్తారు.
అందరూ చేతులెత్తారు.
నేనూ ఎత్తాను, సగం,
తల గోక్కుంటున్నాననీ అనుకోవచ్చు.
శనివారం తాపీమేస్త్రీ. ఆదివారం పైన గాజుపెంకులు.

సోమవారం ఓబులమ్మ ఎనిమిదిన్నరకు వచ్చింది.
మెయిన్ రోడ్డు దాకా నడిచి, ఆటోకు నలభై ఇచ్చి,
గేటు దగ్గర వేలిముద్ర వేసి.
ఏమీ అనలేదు.
అంట్లగిన్నెలే కొంచెం గట్టిగా మాట్లాడాయి.

అసలు సంగతి చెప్పలేదు కదూ.
ఆ గోడ నాదే.
ఎనిమిదేళ్ల కింద ముప్పై-నలభై సైట్లు
గళ్లుగళ్లుగా పరుస్తూ
రోడ్డు చివర మందంగా గీత గీసింది నేనే.
పక్క సర్వే నంబరోళ్ల రోడ్డు
మన రోడ్డుకెందుకు తగలాలి, అన్నాడు ఓనరు.
ఒక్క క్లిక్కు.

ఇప్పుడు దొమ్మసంద్ర దాటాక ఇంకోటి గీస్తున్నాను.
నూట అరవై సైట్లు, ఒకటే గేటు.
ఈశాన్యం మూల గోడను కాస్త తెంపి వదిలాను.
"ఇదేంటి?" అన్నాడు బాసు.
"వాననీళ్లు పోవడానికి సార్. వాస్తు కూడా."
పోయినేడు బేస్‌మెంట్లు మునిగాక
నీళ్లకు దారి అంటే ఈ ఊళ్లో ఎవరూ కాదనరు.
సరే అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండానే.

వెడల్పు అంకె వేయబోతూ
ఒక భుజాన్ని కొలిచాను మనసులో,
తర్వాత టిఫిను సంచి గుర్తొచ్చి
ఇంకో అరడుగు పెంచాను.